కోనసముద్రం ఉక్కు – ఇస్ఫహాన్ బేరగాళ్ళు

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నిజామాబాదు జిల్లా చరిత్ర అనగానే నిజాంసాగర్, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తాయి. వాటి గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నేను అంతకంటె పాత సంగతి ఒకటి మనవి చేస్తాను. మన ధర్పల్లి చుట్టుపక్కల ఊళ్ళలో తయారై ఇరాన్ దాకా వెళ్ళిన ఉక్కు సంగతి.

ఈ రోజుల్లో ఒక సెల్‌ఫోన్ తయారు కావాలంటే ఒక దేశం గాజు, ఇంకో దేశం చిప్పు ఇస్తాయి, మరో దేశంలో బిగిస్తారు. అమ్ముడుపోయేది మాత్రం వేరే దేశపు కంపెనీ పేరు మీద. దీన్ని ఆర్థికవేత్తలు గ్లోబల్ వ్యాల్యూ చైన్ అంటారు. దేశాలను చుక్కలుగా పెట్టి, సరుకు వెళ్ళే దారులను గీతలుగా గీసి, ఏ చుక్కకు ఎన్ని గీతలున్నాయో లెక్కగడతారు. ఎక్కువ గీతలున్నవాడికి బలం. ఒక్క గీత మీద బతికేవాడికి అది తెగితే అంతే. ఇది కొత్త విద్య అనుకుంటాము గానీ, ఆ ముగ్గు మన దగ్గర ఏనాడో పడింది.

1666–67లో మన దేశంలో తిరిగిన థెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు గోల్కొండకు పోతూ ఇందల్వాయి దాటాడు. ఆ ఊరి దగ్గర కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారై దేశమంతటా అమ్ముడుపోతాయని, ఇనుము దగ్గరి కొండల్లోనే తీస్తారని రాసుకున్నాడు. ఇందల్వాయి మనకు పొరుగూరు. బస్సులో ఎన్నిసార్లు దాటామో లెక్కలేదు, ఈ ముక్క మాత్రం నాకు రిటైరయ్యాకే తెలిసింది. ఆ కాలపువాడే తావెర్నియే అనే మరో ఫ్రెంచి వర్తకుడు, జౌహరు కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు. జౌహరు అంటే కత్తి మీద నీటి అలల్లాగా కనిపించే గీతలు. డచ్చివాళ్ళు ఇనుము, ఉక్కు కొనడానికి ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో ఏకంగా ఒక కోఠీ పెట్టుకున్నారు.

అన్నిటికంటె వివరమైన సాక్ష్యం కోనసముద్రానిది. భీమ్‌గల్ దాటి కమ్మర్‌పల్లి వైపు పోతే ఆ ఊరు వస్తుంది. లాంబ్టన్ దొర సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా ఉన్న వాయిసీ 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆయన రాసిపెట్టిన వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆయన చూసింది ఇది. కోనసముద్రంవాళ్ళు ఇనుము తామే తీయరు. మీర్తపల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపురం ఇనుము రెండు పాళ్ళు కలిపి మట్టి మూసలో పెడతారు. రెండూ వేరువేరు ఖనిజాల నుంచి తీసినవి, ఒక్కదానితో పని జరగదు. మూస మట్టిలో వడ్ల పొట్టు కలిసి ఉంటుంది. మూసలను కొలిమిలో పెట్టి, తిత్తులు ఆపకుండా ఊది, బొగ్గు మంటలో కరిగిస్తారు. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద వస్తుంది. అది గాజులాగా పెళుసు. దానికి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాల్చి ఆరబెడితే గాని సుత్తి దెబ్బకు లొంగదు. ఇంగ్లీషువాళ్ళు రాసే వూట్జ్ అనే పేరు మన ఉక్కు నుంచే పుట్టిందని పండితుల అభిప్రాయం.

ఇక కొనుగోలుదారు. వాయిసీ వెళ్ళినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు అక్కడున్నాడు. ఇనుము పాళ్ళు తూచేటప్పుడు దగ్గరుండి చూసేవాడు. తయారైన ముద్దను తానే పరీక్ష చేసేవాడు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయాలని చూశారు గాని కుదరలేదని ఇరానువాళ్ళే ఒప్పుకున్నారట. ఈనాటి పెద్ద కంపెనీలు పంపే ఇన్‌స్పెక్టర్లు చేసే పని ఆ హాజీ రెండు వందల ఏండ్ల కిందనే మన కొలిమి ముందు కూర్చుని చేశాడు.

ఇంత చేసినా కత్తికి వచ్చిన పేరు ఏది? డమాస్కస్ కత్తి! ఆఫీసులో నోటు రాసేది గుమాస్తా, సూపరింటెండెంటు దిద్దుతాడు, ఆర్డరు బయటికి వచ్చాక జనం చెప్పుకునేది సంతకం పెట్టిన దొరగారి పేరు. మనందరికీ అనుభవమే కాబట్టి దీన్ని విస్తరించను.

కోనసముద్రానికి లోపలికి వచ్చే గీతలు చాలానే ఉండేవి: రెండు ఊళ్ళ ఇనుము, అడవి బొగ్గు, మూస మట్టి, వడ్ల పొట్టు. బయటికి పోయే పెద్ద గీత మాత్రం ఇరానువాళ్ళదే. యుద్ధంలో తుపాకి వచ్చి కత్తికి గిరాకీ తగ్గింది. షెఫీల్డు ఉక్కు, 1856 తరువాత బెసిమర్ పద్ధతిలో చేసిన చౌక ఉక్కు ఓడల్లో దిగాయి. మనవాళ్ళ పనితనంలో లోపం రాలేదు, కొనేవాడు రావడం మానేశాడు. ఆ ఉక్కు రహస్యం కోసం ఇంగ్లండులో ఫారడే అంతటివాడు 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు. చేసే చేతులు మాత్రం తరువాత నాగళ్ళ కర్రులకు మళ్ళాయి. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి ఇనుప చిట్టెం దిబ్బలను, మూస పెంకులను నమోదు చేశారు.

ఇప్పుడు ఆ కమ్మర్‌పల్లి వైపు పొలాల్లో పసుపు పండుతోంది. మన రైతులు చాలామంది సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్టుకు తీసుకుపోతారు. 2018లో సాంగ్లీ పసుపుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. ఆ మధ్య మా బంధువుల పిల్లవాడు లారీ వెంట సాంగ్లీ పోయి వచ్చాడు. అక్కడ కొన్నవాళ్ళు సంచి మీద ఏ ఊరి పేరు వేస్తారురా అని అడిగాను.

"సంచులు మారుస్తరు తాతా" అన్నాడు.