హాండెల్ జమాఖర్చు

సూరత్‌లో కతార్‌గాం ఇంగ్లీషు గోరీలు చూసి పెరిగిన మన తెలుగువాళ్లకి ఇంగ్లండంటే కంపెనీ, కోట. లండన్‌లో స్థిరపడ్డాక నాకనిపించింది: ఈ దేశం సంగతి రాజుల వరసలో కన్నా ఒక వలస సంగీతకారుడి జమాఖర్చులో బాగా తెలుస్తుందని.

జార్జ్ ఫ్రిడెరిక్ హాండెల్ 1685లో జర్మనీలోని హాలేలో పుట్టాడు. ఇటలీలో ఆపెరా, అంటే కథంతా పాటల్లోనే నడిచే నాటకం, ఒంటబట్టించుకుని లండన్ చేరి, 1711లో 'రినాల్డో'తో పేరు కొట్టేశాడు. ఇటాలియన్ రాని దొరలు ఇంగ్లీషు అర్థం అచ్చేసిన పుస్తకం చేత పట్టుకుని వినేవారు.

1719లో ఆ దొరలే ఆపెరా కోసం షేర్ల కంపెనీ పెట్టారు. సూరత్‌లో గిడ్డంగి తెరిచిన ఈస్టిండియా కంపెనీ పద్ధతే: తలా ఇంత వేసుకోవడం, లాభమొస్తే పంచుకోవడం. షేరు 200 పౌండ్లు. గాయకుల జీతాలకే డబ్బు చాలక 1728లో మూతపడింది. హాండెల్ మాత్రం మానలేదు.

1731లో ఆయన కట్టిన 'పోరో'లో నాయకుడు మన పురుషోత్తముడే! అలెగ్జాండర్‌తో యుద్ధం పేరుకే. రాణి మనసు అతని మీదికి పోయిందేమోనన్న అనుమానమే కథంతా. పురుషోత్తముడి వేషం సెనెసినోది. గొంతు మారకుండా చిన్నప్పుడే శస్త్రచికిత్స జరిగిన గాయకుడు. సంగీతంలో భారతదేశపు వాసన కూడా లేదు. అంతకు పదేళ్ల ముందు, 1721లో, ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల గొడవకి తలొగ్గి పార్లమెంటు అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్ని నిషేధించింది. కాబట్టి మన రాజు వేదికెక్కొచ్చు గానీ, మన సూరత్ అద్దకం, మచిలీపట్నం కలంకారీ చూసేవాళ్ల ఒంటిమీద ఉండకూడదు.

ఆపెరాకి గిరాకీ పోయాక, 1741 తర్వాత, సాంచ మీంచి నడవని రకం దించి కొత్తది ఎక్కించినట్టు, పూర్తిగా ఇంగ్లీషు ఒరటోరియోకి, అంటే నటన లేకుండా పాడి వినిపించే కథకి, మారాడు. వేషాల్లేవు, తెరల్లేవు, ఖర్చు తక్కువ. 'మెస్సయ్య' 1742లో డబ్లిన్‌లో మొదట పాడారు. ఆయనకి ఇక్కడి పౌరసత్వం అంతకు చాలా ముందే, 1727లో, వచ్చింది. అదే ఏడు రెండో జార్జ్ పట్టాభిషేకానికి కట్టిన పాటనే 2023లో చార్లెస్‌కీ పాడారు.

భక్తులు దాటేసే పద్దు ఒకటుంది: బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలోనూ ఆయనకి షేర్లుండేవి.

1759 మార్చిలో ఈస్టిండియా కంపెనీ సూరత్ కోట పట్టుకుంది. ఏప్రిల్ 14న హాండెల్ పోయాడు. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి చేశారు. దాదాపు 20,000 పౌండ్లు వెనకేసిన మనిషి, 1723 నుంచి చివరిదాకా బ్రూక్ స్ట్రీట్‌లో అద్దింట్లోనే ఉన్నాడు.