మిఠాయితో హాలోవీన్ ముస్తాబు

అక్టోబరు 31న, హాలోవీన్ రాత్రి, అమెరికాలో పిల్లలు వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి మిఠాయి అడుగుతారు. అంతకు ముందు కొన్ని రోజులుగా బళ్లలోనూ ఇళ్లలోనూ అదే మిఠాయితో దెయ్యాలు, సాలీళ్లు, గుమ్మడికాయలు తయారవుతుంటాయి. ఇదంతా హాలోవీన్ అంత పాత ఆచారంలా కనిపిస్తుంది. నిజానికి ఈ పండగలోకి మిఠాయి ఆలస్యంగా వచ్చింది. అది అలంకారానికి సరుకు కావడానికి మరింత కాలం పట్టింది.

ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో హాలోవీన్ అంటే కోతలు ముగిసిన కాలపు పండగ. టర్నిప్ దుంపను తొలిచి లోపల దీపం పెట్టేవారు. వేలాడదీసిన ఆపిల్‌ను పళ్లతో అందుకోవడం ఒక ఆట. రెండు గింజలను పొయ్యిలో వేసి, అవి పక్కపక్కనే కాలాయా, ఎగిరిపోయాయా అని చూసి పెళ్లి జోస్యం చెప్పుకునేవారు. 1786లో అచ్చయిన స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ కవితలో ఈ గింజల ముచ్చట ఉంది. 1840ల బంగాళాదుంప కరువుకు తాళలేక అమెరికా చేరిన ఐరిష్ జనం ఈ ఆచారాలను వెంట తెచ్చుకున్నారు. అక్కడ టర్నిప్ స్థానంలోకి గుమ్మడికాయ వచ్చింది.

పండగకు దుకాణపు అలంకారం తెచ్చిపెట్టింది మాత్రం కాగితం. మసాచుసెట్స్‌లోని డెనిసన్ కంపెనీ ముడతల కాగితం అమ్మేది. దానితో హాలోవీన్ విందును ఎలా ముస్తాబు చేయాలో చెబుతూ 1909లో 'బోగీ బుక్' అనే పుస్తకం వేసింది. అప్పటి విందుల్లో అతిథి ముందు చిన్న కాగితపు గిన్నె పెట్టి, అందులో గింజలో మిఠాయో పోసేవారు. జర్మనీ నుంచి గుమ్మడికాయ, మంత్రగత్తె ఆకారాల్లో కాగితపు గుజ్జు డబ్బాలు కూడా దిగుమతి అయ్యేవి. చేతిపని అంతా పాత్ర మీదే జరిగేది. మిఠాయి అందులో పోసే వస్తువు మాత్రమే.

ఇవాళ హాలోవీన్ గుర్తుగా చలామణి అవుతున్న క్యాండీ కార్న్ కథ ఇంకా విచిత్రం. పసుపు, నారింజ, తెలుపు రంగుల్లో మొక్కజొన్న గింజలా ఉండే ఈ మిఠాయి 1880లలో ఫిలడెల్ఫియాలో పుట్టిందని చెబుతారు. వుండర్లీ కంపెనీలో పనిచేసిన జార్జ్ రెన్నింజర్‌కు ఆ ఘనత ఇస్తారు. తర్వాత గోలిట్జ్ కంపెనీ దాన్ని 'చికెన్ ఫీడ్', అంటే కోళ్ల మేత, అనే పేరుతో అమ్మింది. డబ్బా మీద కోడిపుంజు బొమ్మ ఉండేది. దెయ్యాల ఊసే లేదు.

దాని తయారీలో ఎంతో కష్టం ఉండేది. మన పంచదార చిలకలకు చెక్క అచ్చు వాడినట్టు, అక్కడ పళ్లెం నిండా మొక్కజొన్న పిండి పరిచి అందులో గింజ ఆకారపు గుంటలు ఒత్తేవారు. దాదాపు 20 కిలోల వేడి పాకం ఉన్న పాత్రలు పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఆ గుంటల్లో పోసేవారు. మూడు రంగులకు మూడుసార్లు పోయాలి. ఆ రంగులు పంట కోతల కాలానికి సరిపోయాయి, పంటల పండగ హాలోవీన్‌కు అతికాయి.

ఇంటింటికీ తిరిగి అడిగే ఆచారం 1930లలో అమెరికాలో పుంజుకుంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి 1942 నుంచి 1947 దాకా పంచదారకు రేషన్ పెట్టడంతో వెనకబడింది. ఆ తర్వాత ఉప్పెనలా తిరిగొచ్చింది. అయినా 1950లలో పిల్లల సంచుల్లో ఇంట్లో చేసిన బిస్కట్లు, పాకంలో ముంచిన ఆపిల్స్, పేలాల ఉండలు కూడా పడేవి.

వాటిని భయం తరిమేసింది. 1974లో టెక్సస్‌లో ఒక తండ్రి హాలోవీన్ మిఠాయిలో విషం కలిపి సొంత కొడుకునే చంపాడు. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో ఎవరో సయనైడ్ పెట్టడంతో ఏడుగురు చనిపోయారు. ఆ ఏడాది హాలోవీన్‌కు తల్లిదండ్రులు పిల్లల సంచులు తడిమి తడిమి చూశారు. అపరిచితులు పంచిన హాలోవీన్ మిఠాయి విషమై పిల్లలు చనిపోతున్నారన్న మాటకు ఆధారాలు లేవని సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ ఏళ్ల తరబడి పరిశీలించి తేల్చాడు. కానీ అప్పటికే ఇంటి వంట నమ్మరానిదైంది, కంపెనీ సీలు నమ్మదగినదైంది. నా దృష్టిలో హాలోవీన్‌కు జరిగిన పెద్ద నష్టం ఇదే.

వండి పంచే దారి మూసుకుపోయాక చేతులు ఊరుకోలేదు. పొట్లం విప్పకుండానే లాలీపాప్ మీద తెల్ల కాగితం కప్పి, మెడకు దారం కట్టి, రెండు కళ్లు గీస్తే దెయ్యం. అల్లం బిస్కట్ పలకలతో కట్టే దెయ్యాల కొంపకు క్యాండీ కార్న్ పైకప్పు పెంకు, లికరిస్ అనే మిఠాయి కడ్డీలు కంచె. గట్టి మిఠాయిని దంచి, బిస్కట్‌లో కోసిన కిటికీ సందులో పోసి ఓవెన్‌లో పెడితే కరిగి రంగు అద్దమవుతుంది. గోడలు నిలబెట్టేది గుడ్డు తెల్లసొన, పంచదార పొడి కలిపిన ముద్ద. అది ఆరితే సున్నంలా బిగుస్తుంది, గాలిలో తేమ ఉంటే మాత్రం గోడ జారుతుంది. ఒకప్పుడు పాత్రకు దక్కిన నైపుణ్యం ఇప్పుడు మిఠాయికే దక్కింది. ఈ పనిని పిల్లల కాలక్షేపమని కొట్టిపారేయడం అన్యాయం.

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలూ బడిలో ఈ బొమ్మలు చేసి, చేస్తూనే నోట్లో వేసుకుంటారు. మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిలోనూ, చాలా రకాల క్యాండీ కార్న్‌లోనూ జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. శాకాహారులైతే పొట్లం వెనక పదార్థాల జాబితా చదివి, జెలటిన్ లేని గట్టి మిఠాయి, లాలీపాప్‌లతో పని మొదలుపెట్టండి.