శంకరదాసస్వాముల బాలసభ : ఒక తమిళ నాటకసమాజ పరిణామము

పుదుచ్చేరి పట్టణమున ఉత్తరపు వైపు సముద్రపుటొడ్డున వైతికుప్పమను జాలరుల పేట యున్నది. ఏటేట మాసి మాసమున మఖానక్షత్రము నాడు చుట్టుపట్ల దేవాలయములనుండి ఉత్సవమూర్తు లచటికి విచ్చేయుదురు. తీర్థవారి జరుగును. తీర మంతయు జనముతో నిండిపోవును. అచటికి కొలది దూరమున కరువడికుప్పమను చోట ఒక సమాధి కలదు. సాగరస్నానమునకు వచ్చు యాత్రికునకు దానితో పనిలేకపోవచ్చును గాని, తమిళదేశపు రంగస్థలనటులకు అది గురుస్థానము. 1922వ సంవత్సరము నవంబరు 13వ తేదీన ఫ్రెంచి పాలనలోనున్న ఈ పట్టణమున కన్నుమూసిన శంకరదాసస్వాముల సమాధి యది. ఆయన నాటకసమాజము ఎట్లు పుట్టెనో, గురువు పోయిన పిదప ఎట్లు నిలిచెనో తెలిసికొనుట, యానాము ద్వారా పుదుచ్చేరితో బంధుత్వము గల తెలుగువారికి అప్రస్తుతము కాదు. అంతేగాక, ఆ కథకు మొదటి పుటలోనే ఒక తెలుగు పేరు కానవచ్చును.

1891లో బళ్లారినుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ సరసవినోదినీ సభతో చెన్నపురికి వచ్చి తెలుగు నాటకములు ప్రదర్శించిరి. చదువుకొన్నవారు, గౌరవకుటుంబములవారు ముఖమునకు రంగు వేసికొని రంగమెక్కుట చూచి, పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకుడు ముగ్ధుడయ్యెను. ఆ ఏడే జులై 1వ తేదీన సుగుణవిలాస సభ వెలసెను. పిమ్మట న్యాయాధిపతియైన ఆ మొదలియారుగారే ఆధునిక తమిళ నాటకమునకు ఆద్యులుగా కీర్తింపబడిరి. ఆ సభా రంగముపై బళ్లారి రాఘవాచార్యులవారును నటించిరి. ఇది ఉద్యోగస్థులు, వకీళ్లు తీరిక వేళలలో నడిపిన నాటకము. దీనికి వేరుగా, నాటకమే కూడుగా బ్రదికిన మరియొక లోకము కలదు. శంకరదాసస్వాములు ఆ లోకమునకు చెందినవారు.

ఆయన 1867లో తూత్తుకుడి ప్రాంతమున కాట్టునాయకన్‌పట్టిలో జన్మించిరి. తండ్రి దామోదరుడు రామాయణ ప్రవచనమున పేరుగన్నవాడు. స్వాములు పళని దండపాణిస్వాముల కడ తమిళము నభ్యసించి, కొంతకాల ముప్పుకొఠారున లెక్కలు వ్రాసి, ఇరువదినాలుగవ యేట నాటకములలో చేరిరి. హిరణ్యకశిపుడు, రావణుడు, యముడు, శని మున్నగు ఉగ్రపాత్రలు వారి సొత్తు. ఆ వేషము చూచి ప్రేక్షకులు భయకంపితులగుట గమనించియే ఆయన నటన మానుకొని రచనకు పూనుకొనిరని చెప్పుదురు. నాడు తమిళనాటకమునకు కట్టుదిట్టమైన వ్రాతప్రతి అరుదు. నటుడు తనకు తోచిన మాట అనును, తనకు వచ్చిన పాట పాడును. స్వాములు వళ్లీకల్యాణము, పవళక్కొడి, కోవలన్, సత్యవాన్ సావిత్రి వంటి నాటకములు రచించి, పద్యమునకు పద్యము, మాటకు మాట స్థిరపఱచిరి. నూరేండ్లు దాటినను దక్షిణ తమిళనాట గ్రామోత్సవములందు వళ్లీకల్యాణ మాడుచునే యున్నారు.

అయితే వ్రాసినంతనే పని తీరలేదు. పేరుమోసిన పెద్దనటులు వ్రాసిన మాట వల్లించుట కొప్పుకొనరైరి. మెత్తని మట్టియే కుండ యగును గదా! 1918లో స్వాములు మధురలో తత్త్వమీనలోచనీ విద్వద్బాలసభ యను పేర బాలుర సమాజమును నెలకొల్పిరి. పిల్లలందఱు ఒక్క యింట నుందురు; ఒక్క పంక్తిని భుజింతురు. వేకువజామున సంగీతసాధన, పగలు పాఠము, రాత్రి ప్రదర్శనము. స్త్రీపాత్రలును వారే. ఈ క్రమమువలన ఉచ్చారణము, తాళజ్ఞానము, ధారణాశక్తి పట్టుబడెను. కాని దీనికి వెలయు కలదు. బడిచదువు లేదు, తల్లిదండ్రుల చేరువ లేదు. గొంతు మారు వయసు రాగానే నిన్నటి నాయకుడు నేడు ఎందుకును కొఱగానివాడగును. బాలసమాజములను పొగడునపుడు ఈ సంగతిని మఱువరాదు.

ఆ బాలసభలోనికి స్త్రీపాత్రధారియైన కణ్ణుస్వామిపిళ్ల కుమారులు శంకరన్, ముత్తుస్వామి, షణ్ముఖము చేరిరి. షణ్ముఖమునకు అపుడు ఆరేండ్లు. ఆ చిన్నవాని ప్రతిభ చూచి స్వాములు అతనికొఱకే అభిమన్యుసుందరి నాటకమును ఒక్క రాత్రిలో రచించిరని ప్రతీతి.

అంతలో విధి వక్రించెను. స్వాములకు పక్షవాతము సోకి నోట మాట పడిపోయెను. వేలకొలది పాటలు పలికించిన నోరు మూతపడినను ఆయన సమాజమును విడువలేదు. పిల్లలతోడనే ఊరూరు తిరిగిరి. మాట లేని గురువు ఎదుట, ఆయన మాటలనే పిల్లలు రాత్రివేళ రంగముపై పలుకుచుండిరి. అట్టి స్థితిలోనే పుదుచ్చేరిలో ఆయన దేహయాత్ర ముగిసెను. సన్యాసివలె జీవించిన ఆయనకు వెనుకవేసిన ధనము లేదు, సంతానము లేదు. మిగిలినది ఆ పిల్లల కంఠములలోని పాఠము మాత్రమే.

ఆ పాఠము వృథా కాలేదు. మూడేండ్లు తిరుగక మునుపే, 1925లో, పై సోదరులు తిరువనంతపురమున శ్రీ బాలషణ్ముఖానంద సభను స్థాపించిరి. కడగొట్టువాడైన భగవతితో కలిసి ఈ నలుగురే టి. కె. యస్. సోదరులుగా ప్రసిద్ధులైరి. మొదట గురువుగారి పౌరాణికములే వారికి పెట్టుబడి. పిమ్మట కందస్వామి మొదలియారను ఉపాధ్యాయుడు వారికి సాంఘిక నాటకములు నేర్పెను. సంబంధ మొదలియారుగారి నాటకములను సైతము వారు ప్రదర్శించిరి. ఈ విధముగ, బళ్లారి ప్రేరణతో పుట్టిన విద్యావంతుల నాటకమును, స్వాముల వృత్తినాటకమును ఒక్క రంగముపై కలిసినవి. జాతీయోద్యమకాలమున వారు దేశభక్తి నాటక మాడిరి. 1940 దశకమున అవ్వైయార్ నాటకములో ముప్పది దాటిన షణ్ముఖము వృద్ధకవయిత్రి వేషము ధరించి, అవ్వై షణ్ముఖమను బిరుదునామము పొందెను. 1955లో రాజరాజచోళన్ ప్రదర్శించిరి. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1971లో పద్మశ్రీయు షణ్ముఖమును వరించినవి.

సమాజము పెరుగుట యనగా తెరలు, దీపములు పెరుగుట మాత్రమే కాదు. దానినుండి వెడలినవారు ఏమైరో చూడవలెను. హాస్యనటచక్రవర్తి యన్. యస్. కృష్ణన్, గాయకనటుడు కె. ఆర్. రామస్వామి, సేవాస్టేజి నెలకొల్పిన యస్. వి. సహస్రనామము ఈ సమాజమున మెలగినవారే. 1935లో సోదరులు తమ మేనక నాటకమును చలనచిత్రముగ తీసిరి. పిమ్మట ఆ చలనచిత్రమే నాటకశాలల ప్రేక్షకులను తరలించుకొనిపోయెను. బాల్యమున షణ్ముఖముగారి సమాజమున కొంతకాల మున్న కమలహాసన్, 1996లో తన చిత్రమునకు అవ్వై షణ్ముగి యని పేరుపెట్టెను. తెలుగునాట భామనే సత్యభామనే యను పేర దానిని చూచి నవ్వినవారు, ఆ పేరు వెనుక ఇంత చరిత్ర కలదని ఎఱుగకపోవచ్చును.

మన సురభివారితో దీనిని పోల్చి చూడుడు. 1885లో కడప మండలమున వెలసిన ఆ సమాజమున కుటుంబమే నాటకశాల. తల్లి నటించు రంగముపైననే బిడ్డయు పెరుగును. స్త్రీపాత్ర స్త్రీయే ధరించును. అందుచే గొంతు మారిన బాలుడు వీథి పాలు కాలేదు. తరతరములుగ సమాజము నిలిచినది. తమిళ బాలసభలలో రక్తసంబంధమునకు మారుగా గురుశిష్యసంబంధమే సమాజమును నిలుపవలసివచ్చెను. గురువు పోయిన నాడు అది చెదరవలసినదే. చెదరలేదనుటయే స్వాముల గొప్పతనము.

నేడు పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ప్రదర్శనకళల విభాగము ఆయన పేరనే నడచుచున్నది. ఆయన వర్ధంతినాడు నటులు కరువడికుప్పమునకు వచ్చి, సమాధికి పూలమాలలు వేసి, ఆయన పాటలు పాడుదురు. చివరి దినములలో మాట కోల్పోయిన ఆచార్యుని సన్నిధిని ఆయన మాటలే మరల వినవచ్చును. గురువునకు ఇంతకంటె శిష్యులు తీర్పవలసిన ఋణ మేముండును?