గుర్తు చెప్పిన పద్దు: కంప్యూటరులోని యింటి దఫ్తరము



కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో డెబ్బది యేండ్లు దాటినవారెవ్వరును పట్వారి దఫ్తరమును మఱచియుండరు. ఎఱ్ఱగుడ్డలో మూటగట్టిన పహాణీ పుస్తకములు పట్వారి యింటనే యుండెడివి. రైతు వచ్చి "నూట నలువదియైదవ నంబరు" అనగానే పట్వారి మూట విప్పి, నాలుగు పుటలు త్రిప్పి, ఆ నంబరుగల వరుసపై వ్రేలుంచెడివాడు. పట్టాదారెవరు, విస్తీర్ణమెంత, శిస్తెంత, ఆ యేడు వేసిన పంట యేది, సర్వమును ఆ యొక్క వరుసలోనే కనబడెడిది. అదే రైతు నంబరు చెప్పక, "మా తాత పేరిట ఎక్కడెక్కడ భూమి యున్నది?" అని యడిగెనా, పట్వారి ముఖము చిన్నబోయెడిది. అందులకు పుస్తకమంతయు మొదటినుండి చివరివరకు చదువవలసినదే. "సాయంకాలము రమ్ము" అనెడివాడు. ఆ సాయంకాలము లెన్ని గడచెడివో మీకే తెలియును.

ఈ రెండు ప్రశ్నలకు గల భేదమే నేటి ప్రసంగమునకు మూలము. కంప్యూటరులలోను, మన చేతి ఫోనులలోను ఇట్టి దఫ్తరములే కొన్ని కంటికి కనబడక పనిచేయుచున్నవి. వానిని కీ-వాల్యూ డేటాబేసు లందురు. కీ యనగా గుర్తు. వాల్యూ యనగా ఆ గుర్తు క్రింద దాచిన పద్దు. గుర్తు చెప్పిన మరుక్షణమే పద్దు నందించును. ఆ పద్దులో నేమున్నదో దానికి తెలియదు, తెలిసికొనవలసిన యవసరమును లేదు.

మొదట మన దఫ్తరము సంగతి. 1853 మొదలు 1883 వరకు నిజాము రాజ్యమున దివానుగా నున్న మొదటి సాలారుజంగు 1865లో జిల్లాబందీ చేసెను. తరువాత సర్వే సెటిల్మెంటు జరిగిన గ్రామములలో ప్రతి చేనికిని నంబరు పడెను, నక్షా తయారయ్యెను, సేత్వారు వ్రాయబడెను. అంతకుముందు చేను పేరుతోనే పిలువబడెడిది. చింతచెట్టు చేననియు, వాగొడ్డు చేననియు అనుకొనెడివారు. చెట్టు పడిపోయిన తగవు వచ్చెడిది. నంబరు పడిపోదు గదా! 1905లో ఎలగందల జిల్లా కరీంనగరు జిల్లా యయ్యెను. సిర్పూరు-తాండూరు పేరు పోయి ఆదిలాబాదు జిల్లా యేర్పడెను. జిల్లా పేరు మారినంతమాత్రమున చేని నంబరు మారలేదు. ఆ పిమ్మట 1954-55లో వ్రాసిన ఖాస్రా పహాణీని నేటికిని తగవు వచ్చినప్పుడు వెదకుచుందురు. 1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దుచేయగా దఫ్తరము పట్వారి యిల్లు విడిచి సర్కారు కచ్చేరి చేరినది. మేలును జరిగెను, కీడును జరిగెను. ఆ చర్చ వేరు. ఊరి పుస్తకము ఊరిలో లేకపోయెనన్నదే మనకిప్పుడు కావలసినది.

కంప్యూటరుల చరిత్రలో నీ నడక తలక్రిందుగా సాగినది. అచ్చట ముందు పుట్టినవి పెద్ద కచ్చేరీలే. 1970లో ఐబీఎం కంపెనీలోని కాడ్ అను పండితుడు, ఏ గడిని బట్టి యడిగినను బదులు చెప్పగల పట్టికల పద్ధతి నొకదానిని ప్రకటించెను. ఆ మార్గమున వెలసిన గొప్ప డేటాబేసులు వేరొక యంత్రముపై కూర్చుండును. ప్రోగ్రాము వానికి అర్జీ పంపవలెను, బదులు వచ్చువరకు కాచుకొనవలెను. బ్యాంకులకు, ప్రభుత్వములకు నది తగియున్నది. కాని నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనదలచిన చిన్న ప్రోగ్రామునకు తహసీలు వరకు నడక యెందులకు?

1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అను నాయన డీబీఎం అను చిన్న కోడు వ్రాసెను. అది వేరుగా నిలిచి పనిచేయు కచ్చేరి కాదు, ప్రోగ్రాములోనే కలిసిపోవును. గుర్తును బట్టి లెక్కకట్టి, పద్దు డిస్కులో నెచ్చట నున్నదో తిన్నగా నచ్చటికే పోవును. ప్రోగ్రాములో నిమిడియుండు డేటాబేసు, అనగా ఎంబెడెడ్ డేటాబేసు, అను మాటకు అర్థమిదియే: ఇంటి దఫ్తరము ఇంటిలోనే యుండుట. 1991లో మార్గో సెల్ట్‌జర్, ఓజాన్ యిగిట్ అనువారు దీనికి మెరుగైన పద్ధతిని ప్రకటించిరి. అదియే బర్కిలీ డీబీగా పెరిగినది. నెట్‌స్కేప్ కంపెనీ దానిని ఇంకను బాగుచేసి యిండని కోరగా, 1996లో సెల్ట్‌జరును, ఆమె భర్త కీత్ బోస్టిక్కును స్లీపీక్యాట్ అను కంపెనీ పెట్టిరి. నిద్రపోవు పిల్లి యని యర్థము! పెద్ద పెద్ద కంపెనీల టపా ప్రోగ్రాములు, పేర్ల పట్టికలు ఈ పిల్లి మీదనే నడచినవి. 2006లో ఒరాకిల్ కంపెనీ దానిని కొనివేసెను.

ఇక వ్రాయు విధము. ఇచ్చటనే దఫ్తరము మంచి చెడ్డలు తేలును.

మన సేట్లు, కరణాలు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకము లుంచుట మీరెఱుగుదురు. వచ్చిన బేరము వచ్చినట్లే మొదట చిట్టాలో గీకుదురు. తీరిక దొరకినప్పుడు ఆసామివారీగా, పద్దువారీగా ఆవర్జాలో వరుసగా నెక్కింతురు. నడుమ దీపమారినను, ఆవర్జా చినిగినను, చిట్టా యున్నయెడల లెక్క మరల కట్టవచ్చును. 1996లో పాట్రిక్ ఓనీల్, ఆయన సహచరులు కంప్యూటరునకు నట్టి పద్ధతినే ప్రతిపాదించిరి. 2011లో గూగుల్ కంపెనీలోని జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ అనువారు లెవెల్‌డీబీ యను దఫ్తరమును లోకమునకు విడిచిరి. అదియు నీ మార్గముననే నడచును. వచ్చిన పద్దు మొదట చిట్టాకెక్కును, జ్ఞాపకములో గుర్తుల వరుసన నిలుచును. నిండగానే వరుసపెట్టిన ఫైలుగా డిస్కునకు దిగును. పాత ఫైళ్లను, క్రొత్త ఫైళ్లను అప్పుడప్పుడు కలిపి తిరుగ వ్రాయును. పద్దు కొట్టివేయుమన్నచో వెంటనే చెరపదు. "ఇది పోయినది" అని మఱొక పద్దు వ్రాయును. కలిపి వ్రాయునపుడు పాతది మాయమగును. మరుసటి యేడు ఫేస్‌బుక్ కంపెనీవారు దీనినే తీసికొని రాక్స్‌డీబీ యని పెంచిరి.

ఆ 2011లోనే హోవర్డ్ చూ అను నతడు బర్కిలీ డీబీతో విసిగి ఎల్ఎండీబీ యను వేరొకటి చేసెను. ఇందులో చిట్టాయే లేదు. దిద్దవలసిన పుటను దిద్దడు. దానికి నకలు వ్రాసి, నకలులో మార్పుచేసి, చివరకు సూచికను మాత్రము క్రొత్త పుటవైపు త్రిప్పును. నడుమ కరెంటు పోయెనా, సూచిక పాత పుటనే చూపుచుండును. పాత పుట చెక్కుచెదరక యుండును. గీకివేతలు, దిద్దుబాట్లు నిండిన పహాణీ పుటలను చూచి తలపట్టుకొన్న వారికి ఈ పద్ధతి విలువ నేను చెప్పనక్కఱలేదు.

వేగమును గూర్చి యొక మాట. మా దఫ్తరము సెకనుకు లక్షల పద్దులు వ్రాయునని కొందఱు డంబములు చెప్పుదురు. వ్రాసినది డిస్కునకు చేరినదా, ఇంకను జ్ఞాపకములోనే యున్నదా యని వారి నడుగవలెను. లెవెల్‌డీబీ యంతటిది కూడ, మనము ప్రత్యేకముగా కోరిననే తప్ప, ప్రతి పద్దును డిస్కునకు చేరువరకు కనిపెట్టుకొని యుండదు. యంత్రము ఠక్కున నిలిచిపోయిన కడపటి పద్దులు కొన్ని పోవచ్చును. బ్రౌజరులోని బొమ్మల కది చాలును. గోదాములో ధాన్యము లెక్కకు చాలదు.

ఇట్టి దఫ్తరము పల్లెకు నుపయోగమా? ఉట్నూరు, తిర్యాణి కొండలలో సిగ్నలు చేరని గూడెము లున్నవి. అచ్చటికి పోయి పిల్లల బరువులు వ్రాసికొనునట్టి పనికి పట్టణములోని పెద్ద డేటాబేసు నిరర్థకము. అర్జీ పంపుటకు దారియే లేదు. ఫోనులోనే యొక యింటి దఫ్తర ముండి, పిల్ల నంబరు గుర్తుగా పద్దు వ్రాసికొని, కొండ దిగి సిగ్నలు దొరకగానే పైకి పంపవలెను. ఫోనులోని క్రోము బ్రౌజరు కూడ వెబ్‌సైట్లు దాచుకొను సంగతులకు చాలకాలము లెవెల్‌డీబీనే వాడినది.

అయితే గుర్తు నేర్పరచుటలో నేర్పు కావలెను. ఈ దఫ్తరములలో ననేకము గుర్తులను అంకెలుగా గాక అక్షరములుగా వరుసపెట్టును. కావున 2కు ముందే 10, 100 వచ్చి కూర్చుండును. 0002, 0010, 0100 అని సున్నలు చేర్చి వ్రాసిననే వరుస కుదురును. మన బై నంబర్లు సరేసరి. 145/అ, 145/ఆ అని విడగొట్టిన చేలలో ఒక దీర్ఘము పోయిన వేరొకరి చేను వచ్చును. మఱియు జిల్లా పేరును గుర్తులో మొదట నుంచినవానికి 2016 అక్టోబరు 11న నిద్ర యుండదు. ఆనాడు ఆదిలాబాదు నాలుగు జిల్లాలయ్యెను. కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడివడెను. చేను కదలలేదు, గుర్తు మాత్రము చెడెను. మారని దానినే గుర్తుగా నెన్నుకొనవలెను.

మొదట చెప్పిన తాత పేరు ప్రశ్నకు వత్తము. పేరును బట్టి యడుగవలసివచ్చిన, పేరు గుర్తుగా రెండవ పుస్తక ముంచుటయే మార్గము. కాని రెండు పుస్తకము లున్నచోట ఒకదానిలో వ్రాసి రెండవదానిలో మఱచుట సంభవించును. మంచి దఫ్తరములు "వ్రాసిన రెంటను వ్రాయుము, లేనియెడల నేదియు వ్రాయకుము" అను కట్టుబాటు నిచ్చును. మన భూముల విషయమున నీ కట్టుబాటు లేక యెన్ని కుటుంబములు చెడలేదు! దస్తావేజు రిజిస్ట్రీ కచ్చేరిలో నొక పుస్తకమున నెక్కెడిది; పట్టా మార్పు తహసీలులో వేరొక పుస్తకమున నెక్కవలసియుండెడిది. రెంటి నడుమ నేండ్లు గడచెడివి. ఆ సందులో నదే చేను మఱియొకరికి అమ్ముడుపోయెడిది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి, సాగుభూములకు రిజిస్ట్రీని, పట్టా మార్పును ఒకే కచ్చేరిలో నొకేసారి జరుగునట్లు చేసెను. అది యింటి దఫ్తరము కాదు, రాష్ట్రమునకంతకు నొకే పెద్ద కచ్చేరి. అయినను ఈ కట్టుబాటు మేలే. తప్పుగా నెక్కిన పద్దును దగ్గర నున్న కచ్చేరిలో దిద్దించుకొను దారి మాత్రము సరిగా లేకపోయెను. 2025 ఏప్రిలు 14న వచ్చిన భూభారతిలో అందులకు అప్పీలు మెట్లు పెట్టిరి.

ఇంకొక సంగతి. గుర్తు దొరకనపుడు దఫ్తరము "లేదు" అనును. ఈ లేదనుటను కూడ వేగముగా చెప్పుటకు ప్రత్యేకమైన ఉపాయములు కనిపెట్టిరి. కాని అది "ఈ పుస్తకములో, ఈ గుర్తుతో లేదు" అనుటయే గాని, లోకములో లేదనుట గాదు. ఆదిలాబాదు అడవులలో తరతరములుగా దున్నుకొన్న గోండులకు పుస్తకములో గుర్తు లేకపోయెను. వెలుపలినుండి వచ్చినవారికి పట్టాలు దొరకెను. 1940లో జోడేఘాటులో కొమురం భీము ప్రాణములు పోయిన పిదప గాని ప్రభుత్వమునకు మెలకువ రాలేదు. హైమెండార్ఫు పండితుడు గూడెములు తిరిగి చూచి చెప్పిన పిమ్మట, ఆ దశకమున ననేక గోండు కుటుంబములకు పట్టాలు వ్రాయబడెను. చేను ముందునుండియు నుండెను. పద్దే ఆలస్యముగా వచ్చినది.

కొంతకాలము క్రిందట నేనొక కంప్యూటరు దుకాణమున కూర్చుండగా నొక ముసలమ్మ మనుమనితో వచ్చెను. కుఱ్ఱవాడు నంబరు కొట్టి, "ఈ నంబరు మీద మీ పేరు లేదమ్మా" అనెను. "నిన్ననే నాటేసొచ్చిన, లేదంటవేంది బిడ్డా" అని యామె నిలువబడిపోయెను. మనుమడు సంచిలోని పాత పహాణీ నకలు తీసి చూచెను. అందు నూట నలువదియైదు ప్రక్కన నున్నది 'అ' కాదు, 'ఆ'. కుఱ్ఱవాడు దీర్ఘము పెట్టి మరల కొట్టెను. రెండెకరముల పది గుంటలు, ముసలమ్మ పేరు, ఆమె భర్త పేరు తెరమీదికి వచ్చెను. ఆమె చదువనేర్చినది కాదు; మనుమని చేత రెండుమార్లు చదివించుకొని కదలెను.