మూడు చిలకల్లో ప్రాణం

1984 జనవరిలో లాస్ వేగాస్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శన జరిగింది. అమీగా కార్పొరేషన్ అనే కొత్త కంపెనీ, పిలిచినవాళ్లను మాత్రమే లోపలి గదిలోకి తీసుకెళ్లి ఒక బంతిని చూపించింది. ఎరుపు తెలుపు గళ్ల బంతి అది. గిరగిరా తిరుగుతూ తెర మీద ఎగిరిపడుతోంది. డేల్ లక్, ఆర్.జె. మైకల్ అనే ఇద్దరు కుర్రాళ్లు ప్రదర్శన జరుగుతుండగానే రాత్రి కూర్చుని దానికి ప్రోగ్రాము రాశారు. చూడవచ్చినవాళ్లు వంగి బల్ల కిందికి తొంగి చూశారట, అసలు కంప్యూటరు అక్కడెక్కడో దాచి ఉంటారని. బల్ల కింద ఏమీ లేదు. నిజానికి ఆ కంప్యూటరుకు కావలసిన చిప్పులే అప్పటికి పుట్టలేదు. బ్రెడ్‌బోర్డుల నిండా చిన్న చిన్న చిప్పులు గుచ్చి, తీగలతో కలిపి, రాబోయే మూడు చిప్పులకు నమూనా కట్టారు. ఆ తీగల గూటికి విమానంలో వేరుగా ఒక సీటు కొని, మనిషిని కూర్చోబెట్టినట్టు తెచ్చుకున్నారు. ముద్దుపేరు లొరెయిన్.

అమీగా గురించి ఎక్కడ మొదలుపెట్టినా నా మనసు ఆ సీటు దగ్గరికే పోతుంది. ఇంకా పుట్టని బిడ్డకు టికెట్టు కొన్న మనుషులు వాళ్లు.

వాళ్లకు పెద్ద జే మైనర్. అటారీ ఆటల పెట్టెకూ, ఆ తర్వాతి అటారీ కంప్యూటర్లకూ ప్రాణంలాంటి చిప్పులు గీసినవాడు. మోటరోలా 68000 ప్రాసెసర్‌తో పెద్ద కంప్యూటరు చేద్దామంటే అటారీ ఒప్పుకోలేదు. బయటికి వచ్చేశాడు. కొత్త కంపెనీకి పెట్టుబడి పెట్టినవాళ్లలో దంతవైద్యులున్నారు. వాళ్లకు కావలసింది ఆటల పెట్టె, మైనర్‌కు కావలసింది పూర్తి కంప్యూటరు. రెండూ ఒకే పెట్టెలో పెట్టాడు. ఆయన కుక్క మిచీ ఆఫీసులో ఆయన పక్కనే ఉండేది. తర్వాత తయారైన అమీగా 1000 మూత లోపలి వైపు, తయారుచేసినవాళ్ల సంతకాల మధ్య మిచీ పాదముద్ర కూడా ఉంది.

తెలుగువాడికి చటుక్కున తగిలే మాట ఒకటి ఆ యంత్రంలో ఉంది. అమీగా పనిచేస్తూ కుప్పకూలితే నల్లటి తెర మీద ఎర్రటి గీతల పెట్టె మినుకు మినుకుమంటూ వచ్చేది. దాని పేరు గురు మెడిటేషన్. గురువుగారి ధ్యానం అన్నమాట. చేతిలో డబ్బు ఆడడం కోసం ఆ కంపెనీ మొదట్లో జాయ్‌బోర్డ్ అనే ఆటవస్తువు అమ్మింది. మనిషి దాని మీదికెక్కి ఒళ్లు అటూ ఇటూ వంచుతూ ఆడాలి. రాసిన ప్రోగ్రాము కూలి విసుగొచ్చినప్పుడు కుర్రాళ్లు దాని మీద బాసింపట్టు వేసుకుని, ఏ మూలకూ ఒరగకుండా కదలకుండా కూర్చోవడమే ఒక ఆటగా ఆడేవారు. ఆ అలవాటులోంచే ఆ పేరు వచ్చింది.

డబ్బు నిజంగానే ఆడలేదు. అటారీ 5 లక్షల డాలర్లు అప్పిచ్చింది. 1984 జూన్ ఆఖరులోగా తీర్చకపోతే ఆ చిప్పులు అటారీ చేతికి పోతాయి. గడువు దగ్గరికొచ్చాక కమడోర్ అనే ఇంకో కంప్యూటర్ల కంపెనీ అడ్డుపడి ఆ అప్పు తీర్పించి, ఆ ఆగస్టులో కంపెనీనే కొనేసింది. 1985 జూలై 23న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఆవిష్కరణ. ఆండీ వార్హాల్ వేదిక మీద కూర్చుని, గాయని డెబీ హ్యారీ బొమ్మకు ఆ యంత్రం మీదే రంగులు నింపాడు. ధర 1,295 డాలర్లు. మెమరీ 256 కిలోబైట్లు. 4,096 రంగులు, నాలుగు గొంతుకల స్టీరియో ధ్వని, ఒకేసారి నాలుగైదు ప్రోగ్రాములు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. ఆఫీసుల్లో ఐబీఎం పీసీలు బీప్‌మని ఒక్క కూతే కూస్తున్న రోజులవి.

మన జానపద కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. అమీగాలో ఎవరి ప్రాణాలూ తీసే గుణం లేదు గానీ, దాని ప్రాణం కూడా అలాగే వేరేచోట ఉంది, మూడు చిప్పుల్లో. వాటి పేర్లు అగ్నస్, డెనీస్, పాలా. ప్రాసెసర్ వేగం 7 మెగాహెర్ట్జ్ పైచిలుకు మాత్రమే. కానీ దాని నెత్తిన బరువు లేదు. బొమ్మల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే పని అగ్నస్‌లోని బ్లిట్టర్‌ది. ఎలక్ట్రాన్ కిరణం తెర మీద గీత గీత దిగుతుంటే, ఫలానా గీత దగ్గర రంగు మార్చు, ఫలానా దగ్గర బొమ్మ మార్చు అని సమయం తప్పకుండా చెప్పే పని అగ్నస్‌లోనే ఉన్న కాపర్‌ది. రంగులు తెరకెక్కించేది డెనీస్. పాట పాలాది.

ఈ మూడింటి లోతు చూసినవాళ్లు పెద్ద కంపెనీల్లో కన్నా ఇంగ్లండ్, స్కాట్లండ్ పడగ్గదుల్లో ఎక్కువమంది దొరికారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లలు. 1987లో వచ్చిన అమీగా 500 యూరప్ ఇళ్లల్లోకి వెళ్లింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కకు నెట్టేసి, చిప్పుల రిజిస్టర్లతో నేరుగా మాట్లాడడం వాళ్ల పద్ధతి. 1989లో లివర్‌పూల్ కంపెనీ సిగ్నోసిస్ తెచ్చిన షాడో ఆఫ్ ద బీస్ట్‌లో వీరుడు పరుగెడుతుంటే గడ్డి ఒక వేగంతో, చెట్లు ఒక వేగంతో, కొండలు, మబ్బులు ఇంకో వేగంతో పదికి పైగా పొరలు కదిలేవి. 1991లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి లెమ్మింగ్స్ వచ్చింది. ఆకుపచ్చ జుట్టు బుడతలు గుంపులు గుంపులుగా నడుచుకుంటూ పోయి లోయలో పడతారు, మనం కాపాడాలి. ఎరిక్ షాయీ అనే ఫ్రెంచి యువకుడు దాదాపు ఒంటిచేత్తో, అమీగా మీదే కూర్చుని అనదర్ వరల్డ్ చేశాడు. ఇంట్లో కొనుక్కోగల కంప్యూటరు మీద మేలైన ఆట అంటే ఆ నాలుగైదేళ్లూ అమీగాయే. అదే కాలంలో అమెరికాలో జాన్ కార్మాక్ అనే కుర్రాడు పీసీ తెరను ఎడమ నుంచి కుడికి నునుపుగా జరపడానికి నానా ఉపాయాలూ పన్ని, చివరికి ఒక కిటుకు పట్టాడు. దానితోనే 1990లో కమాండర్ కీన్ వచ్చింది. అమీగాకు ఆ జరపడం పుట్టుకతో వచ్చిన విద్య. రిజిస్టరులో ఒక అంకె మారిస్తే చాలు.

మూడేళ్ల తర్వాత అదే కార్మాక్ చేతి నుంచి వచ్చింది దెబ్బ.

ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో అర్థం కావాలంటే బొమ్మ మెమరీలో ఎలా కూర్చుంటుందో చూడాలి. సినిమా పోస్టరు అచ్చు వేసేటప్పుడు రంగుకొక ప్లేటు ఉంటుంది. ఏ ప్లేటులోనూ పూర్తి బొమ్మ ఉండదు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడితేనే హీరో ముఖం. అమీగా తెర కూడా అంతే. ప్రతి చుక్క రంగూ ముక్కలై వేర్వేరు పొరల్లో, ఒక్కో పొరలో ఒక్కో బిట్టుగా ఉంటుంది. 32 రంగులకు 5 పొరలు, 256 రంగులకు 8. మెమరీ బంగారంలా ఉన్న 1985లో ఇది గొప్ప పొదుపు. ఎన్ని రంగులు కావాలో అన్ని పొరలే వాడుకోవచ్చు, పొరల్ని విడివిడిగా జరపవచ్చు. షాడో ఆఫ్ ద బీస్ట్‌లాంటి ఆటలు నిలిచింది ఈ పునాది మీదే. పీసీల వీజీఏ తెరది వేరే తీరు. ఒక చుక్కకు ఒక బైటు, వరసగా. సొగసు లేదు, పొదుపు లేదు, బండపని.

1993 డిసెంబర్ 10న కార్మాక్ కంపెనీ ఐడీ సాఫ్ట్‌వేర్ డూమ్ అనే ఆట విడుదల చేసింది. అందులో జరపడానికి సిద్ధంగా ఉన్న బొమ్మలు లేవు. ఆటగాడు తల తిప్పిన ప్రతిసారీ గోడా నేలా మెట్లూ అన్నీ చుక్క చుక్కగా కొత్తగా లెక్కకట్టి గీయాలి. పీసీలో ఒక చుక్క పెట్టాలంటే ఒక్కసారి రాస్తే సరి. అమీగాలో అదే చుక్క కోసం ఎనిమిది పొరలు తాకాలి. బ్లిట్టర్ మోయడానికి ఏమీ లేదు, కాపర్ మార్చడానికి ఏమీ లేదు. మూడు చిలకలూ మౌనంగా కూర్చుంటే, అప్పటి కొత్త మోడల్ అమీగా 1200లోని 14 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒంటరిగా రొప్పింది. పొదుపు కోసం పన్నిన అమరికే మెడకు ఉరి అయింది.

పీసీకి ప్రాణం ఒకచోట లేదు. కార్డు పాతబడితే తీసి కొత్తది గుచ్చుతారు, అది ఎవరు చేసినదైనా సరే. అమీగాలో ఆటలన్నీ ఆ మూడు చిప్పుల రిజిస్టర్లనే పేరు పెట్టి పిలుస్తాయి, వాటిని మారిస్తే ఆటలు పలకవు. మార్చకపోతే కొత్త ఆటలు రావు. ఇందులో ఆ పిల్లల తప్పు నాకు కనిపించదు. యంత్రాన్ని అంత దగ్గరగా ప్రేమించినవాళ్లు అంత దగ్గరగానే రాస్తారు. కొత్త చిలకల్ని వేళకు పెంచి ఇవ్వవలసింది కమడోర్.

కమడోర్ పెంచలేదు. వ్యవస్థాపకుడు జాక్ ట్రమెల్ 1984లోనే గొడవపడి వెళ్లిపోయాడు. అమీగా 500నూ 2000నూ బయటికి తెచ్చి కంపెనీని మళ్లీ లాభాల్లోకి లాగిన థామస్ రాటిగన్‌ను ఛైర్మన్ ఇర్వింగ్ గౌల్డ్ 1987లో గెంటేశాడు. మైనర్ బృందం పనిచేసిన లాస్ గాటోస్ ఆఫీసు మూతపడింది. పొరల చెర నుంచి విడిపించగల కొత్త చిప్పుల కుటుంబం మీద ఏళ్ల తరబడి పని సాగినా, డబ్బు చాలక అది నమూనాలు దాటలేదు. బదులుగా 1992లో ఏజీఏ అనే మధ్యంతరపు చిప్పులు వచ్చాయి. రంగులు పెరిగి 256 అయ్యాయి, పొరలు పోలేదు. 1993లో వచ్చిన సీడీ32 ఆటల పెట్టెలో అకీకో అనే చిన్న చిప్పు పెట్టారు. వరస చుక్కల్ని పొరలుగా విడగొట్టడం దాని పని. రోగం ఏమిటో ఇంట్లో ఒకరికైనా తెలుసు! మందు మాత్రం ఉగ్గుగిన్నెడే.

ఆ పెట్టె అమెరికా చేరనే లేదు. తెర మీద కర్సర్ గీసే ఒక పద్ధతి మీద వేరే కంపెనీకి పేటెంటు ఉంది. దానికి కట్టవలసిన సొమ్ము కట్టనందుకు దిగుమతి కోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. సరుకేమో ఫిలిప్పీన్స్ ఫ్యాక్టరీలో బాకీల కింద చిక్కుకుంది. 1994 ఏప్రిల్ 29న కమడోర్ దివాలా ప్రకటించింది. కొన్నేళ్లుగా మూత్రపిండాల జబ్బుతో ఉన్న జే మైనర్ అదే ఏడాది జూన్ 20న కన్నుమూశాడు. రెండింటికీ మధ్య 52 రోజులు.

తర్వాతి కథ వారసులది. 1995లో అమీగాను జర్మనీ కంపెనీ ఎస్కామ్ కొన్నది, మరుసటి ఏడాదే తానూ దివాలా తీసింది. 1997లో గేట్‌వే కొన్నది. 1998లో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పునాదిగా కొత్త అమీగా వస్తుందన్నారు, 1999లో అది కాదు ఇంకొకటన్నారు. ఏదీ రాలేదు.

ఇంత జరిగినా మేలైన ఆటల ఆశ వదలని మనుషులున్నారే, వాళ్ల గురించే నా బాధంతా. డూమ్ రాకపోతేనేం అని 1995లో అమీగా కోసమే గ్లూమ్, ఏలియన్ బ్రీడ్ 3డీ రాశారు. చుక్కల్ని పొరలుగా మార్చే ప్రోగ్రామును అసెంబ్లీలో ఒక్కో సూచనా చెక్కుతూ, ఎవరిది ముందు పరుగెడుతుందని పోటీలు పడ్డారు. 1997 డిసెంబర్‌లో డూమ్ సోర్స్ కోడ్ బయటికి రాగానే అమీగా మీద నడిపి చూపించారు. 1998లో క్వేక్ అనే ఆట అమీగాకు వచ్చింది, కానీ అసలు కంప్యూటరు ధరకు మించిన యాక్సిలరేటర్ కార్డు లేనిదే ఆ పెట్టె తెరిచి లాభం లేదు. జర్మనీలోని ఫేజ్5 కంపెనీ పాత ప్రాసెసర్‌నూ కొత్త పవర్‌పీసీనీ ఒకే కార్డు మీద కాపురం పెట్టించింది. ఆ రెంటి మధ్య మాట నడిపే సాఫ్ట్‌వేర్ మీద మళ్లీ రెండు వర్గాలు, రెండు వేర్వేరు పద్ధతులు. గుప్పెడు మనుషులు రెండు ఊళ్లయ్యారు. 2000లో ఫేజ్5 మూతపడింది. అదే ఏడాది బెల్జియం కంపెనీ హైపీరియన్ హెరెటిక్ 2 ఆటను అమీగాకు తెచ్చింది. ఆడగలిగిన యంత్రాలు కొన్ని, వాటికి కొత్త కార్డులు ఇక రావు.

2012లో అమీగావన్ ఎక్స్1000 చేతికందింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన యంత్రం. అందులోని ప్రాసెసర్ చేసిన పీఏ సెమీ కంపెనీని ఆపిల్ 2008లోనే కొనేసింది. ఆ చిప్పుకు ఇక సంతానం లేదు. తమ యంత్రం పుట్టేనాటికే దాని వంశం ఆగిపోయిందని తెలిసీ, వేల డాలర్లు పోసి కొన్నారు కొందరు. కొత్త ఆటలు అంతగా లేవు. సెమీకండక్టర్లలో లేని ఆశ వాళ్లలో ఉంది.

అమీగా 1200ను ఇప్పుడు విప్పితే, ముప్పై ఏళ్ల కెపాసిటర్ల నుంచి ద్రవం కారి బోర్డు మీది రాగి దారులు పచ్చబడి కనిపిస్తాయి. ఆ పచ్చదనాన్ని పత్తితో తుడిచి, ఒక్కో కెపాసిటరూ ఊడదీసి కొత్తది అతికే చేతులు ఇంకా ఉన్నాయి. అతికి, కరెంటు ఇచ్చి, తెర వంక చూస్తారు. ఒక్కోసారి రంగులొస్తాయి. ఒక్కోసారి ఎర్రటి పెట్టె వెలిగి ఆరి వెలుగుతుంది, గురువుగారి ధ్యానం. ఆ పెట్టెలో, పతనం వార్త చెప్పే వరసలోనే, ఇంకో మాట కూడా ఉంటుంది: కొనసాగించడానికి మౌసు ఎడమ బటన్ నొక్కండి.

నొక్కుతారు.