కంట్రోలు బియ్యం: కొంత చరిత్ర, కొంత జ్ఞాపకం

మా సీమ పల్లెల్లో చౌకధరల దుకాణాన్ని పాతకాలం వాళ్ళు ఇప్పటికీ కంట్రోలంగడి అనే అంటారు. ఆ కంట్రోలు ఏనాడో పోయింది, మాట మాత్రం మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బర్మా జపాన్ చేతిలో పడి అక్కడి బియ్యం రావడం ఆగింది. 1943లో బెంగాల్ కరువులో లక్షలాది జనం చచ్చిపోయారు. పట్టణాల్లో రేషను, ధాన్యం మీద కంట్రోలు ఆ రోజుల్లో బిగుసుకున్నవే. గాంధీగారి పట్టుదల మీద 1947 డిసెంబరులో కంట్రోళ్ళు సడలించారు. ధరలు మండిపోగా 1948లో మళ్ళీ పెట్టారు. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1952లో రాజాజీగారు ముఖ్యమంత్రి అయిన కొద్ది నెలలకే రేషను ఎత్తివేశారు.

అంతకుముందు మాత్రం పేదవాడికి సర్కారు పెట్టిన తిండి ఏది? కరువు వస్తే కరువు పని, లేకుంటే గంజి. 1876-78 నాటి ధాత కరువు గురించి మా అవ్వ తన పెద్దలు చెప్పగా విన్నది మాకు చెప్పేది. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఆ కరువులో బాగా దెబ్బతిన్నాయి. (అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు, 1882లో అయింది.) వైస్రాయి లిట్టన్ ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. ఆయన 1877 జనవరిలో వచ్చి, కరువు పనిలో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలునన్నాడు. ఇది మనిషిని బతికించే కొలత కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి కొంత పెంచారు గాని, ఆలోగా పోయినవాళ్ళు పోయారు. ఆ అనుభవం మీదనే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట ఫామిన్ కోడ్ వచ్చాయి. మన రెవెన్యూ వాళ్ళం చాలాకాలం నడిచింది ఆ కోడు అడుగుజాడల్లోనే.

పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి.

1952లో సీమలో మళ్ళీ కరువు. గంజి కేంద్రాలు తెరిచారు, బావులు లోతు చేయడానికి సైన్యాన్ని కూడా దించారు. మా నాయన ఆ గంజి వరసలో నిలబడ్డానని నాకు చెప్పింది ఒక్కసారే, అదీ నాకు సర్కారు ఉద్యోగం వచ్చిన రోజు. తర్వాత 1956 నుంచి పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు దిగాయి. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. దాని మొదటి జిల్లా ఆఫీసు తంజావూరులో తెరిచారు.

నేను ఉద్యోగంలో చేరింది 1974లో. ఆ రోజుల ధరల మీదనే తర్వాత ప్రణాళికా సంఘం దారిద్ర్య రేఖను లెక్కగట్టింది. 1979 నాటి నిపుణుల బృందం పల్లెలో మనిషికి రోజుకు 2400 కేలరీలు, పట్నంలో 2100 అని పెట్టుకొని, 1973-74 ధరల్లో నెలకు 49 రూపాయల 9 పైసలు, 56 రూపాయల 64 పైసలు అని తేల్చింది. ఆ తొమ్మిది పైసలు చూస్తే గుమాస్తాగా నాకు ముచ్చటేస్తుంది! అయితే ఎవరు ఆ గీతకు దిగువన ఉన్నారో ఢిల్లీ చెప్పలేదు. అది చెప్పవలసి వచ్చింది తాలూకా ఆఫీసులో మేము.

చౌక బియ్యం ఎన్నికల మాట కావడం 1967లో మద్రాసులో అన్నాదురైగారి రూపాయి పడి బియ్యంతో మొదలు. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావుగారు కిలో రెండు రూపాయలన్నారు. దానికి పోటీగా విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలన్నది. జనం రెండు రూపాయల వైపే మొగ్గారు. 1983 జనవరి 9న రామారావుగారు ప్రమాణం చేశారు, ఏప్రిల్ 14న పథకం మొదలైంది. తలకు 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకు మించకుండా.

ఆ వేసవి మాకు నిద్ర లేదు. దరఖాస్తులు గోనెసంచుల్లో వచ్చేవి. కరణాలు, మునసబులు ఇంకా ఉన్నారు (1984 జనవరిలో ఆ వ్యవస్థ రద్దయింది). ఊళ్ళో ఎవరు పేద అన్నది ముందు వాళ్ళ కలం చెప్పేది, తర్వాత మా కలం. నూరు ఎకరాల ఆసామి జీతగాళ్ళ పేర్లతో కార్డులు రాయించుకున్న సంగతి నాకు తెలుసు. నేను రాసినవాటిలో అలాంటివి లేవని ప్రమాణం చేయలేను.

ఒక అవ్వ మూడుసార్లు వచ్చింది. చింతపండు కొట్టి బతికేది. పేరు కొడుకు కార్డులో ఉంది, కొడుకేమో పెళ్ళాం బిడ్డలతో, కార్డుతో సహా బళ్ళారి పోయాడు. ఒక పొయ్యికి ఒక కార్డు అనేది మా నిబంధన. "అవ్వా, నీ పేరు నీ కొడుకు కార్డులో ఉంది కదా" అన్నాను.

"నా పేరు వాని కార్డులో ఉంటే నా బువ్వ గూడా వానింట్లోనే ఉడుకుతాందా సామీ?" అంది.

నేను నవ్వాను. నవ్వి, "కుమారుని కార్డులో నమోదై ఉన్నందున తిరస్కరించడమైనది" అని రాశాను. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. విచారణకు వెళ్ళిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆమె గుడిసెలో వేరే పొయ్యి చూసి వచ్చి చెప్పిన తర్వాత గాని నేను మళ్ళీ నోట్ పెట్టలేదు. కార్డు చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది.

అంతటితో అయిపోలేదు. ఆమెకు వచ్చేది 5 కిలోలు, అంటే 10 రూపాయలు. అదీ ఒక్కసారిగా కట్టాలి. ఆమె దగ్గర ఎప్పుడూ రెండు మూడు రూపాయలకు మించి ఉండేవి కావు. కిలో కిలోగా ఇమ్మంటే డీలరు కుదరదన్నాడు. నెలాఖరుకు ఆ కోటా ఎక్కడికి పోయేదో అందరికీ తెలిసిందే. అయిదుగురున్న కూలి ఇంటికి 25 కిలోలకు 50 రూపాయలు ఒక్కరోజున తీయడం ఇంకా కష్టం. పథకం రాసినవాళ్ళు నెల జీతం వాళ్ళు. కూలివాడికి నెల అంటూ ఉండదని మాకు తట్టలేదు.

అయినా ఆ బియ్యం వృథా అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పండగకు తప్ప వరి అన్నం ఎరగని ఇళ్ళలో దినమూ అన్నం వండారు. దానితోపాటు కొర్ర, జొన్న, సద్ద పొయ్యి దిగిపోయాయనే మాట కూడా నిజమే. నాకు ఇప్పుడు డాక్టరుగారు కొర్రలు తినమంటున్నారు, అవి సన్నబియ్యం కంటే ప్రియం!

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. 1992లో ధర మూడున్నర రూపాయలైంది, 1994 డిసెంబరులో రామారావుగారు తిరిగి రాగానే రెండు రూపాయలు, 1996లో మళ్ళీ మూడున్నర. 2000 డిసెంబరులో నిరుపేదలకు కేంద్రం అంత్యోదయ తెచ్చింది. రాజశేఖరరెడ్డిగారు 2008లో రెండు రూపాయలకు దించారు, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డిగారు రూపాయి చేశారు. 2013 ఆహార భద్రత చట్టంతో, అర్హత ఉన్నవాళ్ళకు ఇది దయ కాక హక్కు అయింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద బియ్యం ఉచితం. పది రూపాయలు పుట్టని ఆ అవ్వ చిక్కు అలా నలభై ఏళ్ళకు తీరింది. సాధారణ కార్డుకు కొలత మాత్రం 1983లో ఉన్నట్టే తలకు 5 కిలోలు. ముప్పై రోజులకు పంచితే 166 గ్రాములు. టెంపుల్ దొర పౌను పూర్తి తిండికని లెక్క, ఇది వేడినీళ్ళకు చన్నీళ్ళు. రెంటినీ ఒకే తక్కెడలో వేయకూడదని తెలుసు. అయినా చేతి అలవాటు, లెక్క కట్టి చూశాను.

ఇప్పుడు చిక్కు వేలిముద్ర దగ్గర. మా పక్కింటి పెద్దామె నలభై ఏళ్ళు ఇటుకలు మోసింది, వేలి గీతలు అరిగిపోయాయి. పోయిన నెల యంత్రం ఒప్పుకోలేదని వట్టి సంచితో వచ్చింది. మరునాడు నేనూ వెంట వెళ్ళాను. వేలు తడిగుడ్డతో తుడిచి, మూడోసారి నొక్కితే పడింది.