వచ్చాడు, వచ్చింది, వచ్చారు: ఉత్తరాంధ్ర ప్రదర్శనకళల చరిత్రరచనలో సర్వనామాల ఎంపిక

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల్లో తూర్పు భాగోతంగా పిలిచే ప్రదర్శనకళకు భామాకలాపమే ప్రాణం. మద్దెల మోతకు తగ్గట్టు అడుగువేసే సత్యభామ పాత్రను తరతరాలుగా ధరిస్తూ వచ్చినవారిని సమాజం పురుషులుగానే గుర్తించింది. వారిలో ప్రతి ఒక్కరూ తమను తాము అలాగే గుర్తించుకున్నారా అన్న ప్రశ్నను మాత్రం చరిత్రరచన చాలాకాలం అడగలేదు. పొందూరు పరిసరాల్లోనో, బొబ్బిలి వైపో తిరిగి వృద్ధ కళాకారుల మాటలను నమోదు చేసుకువచ్చిన పరిశోధకులు సిద్ధాంతగ్రంథం రాయడానికి కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న సర్వనామం రూపంలో ఎదురవుతుంది. సత్యభామ వేషం కట్టిన వ్యక్తిని ‘ఆయన’ అనాలా, ‘ఆమె’ అనాలా, ‘వారు’ అనాలా? ఆ వ్యక్తి రంగస్థలం దిగిన తరువాత కూడా పురుషుడుగా జీవించకపోయి ఉంటే, లేదా స్త్రీపురుష విభాగాల్లో దేనిలోనూ తనను చేర్చుకోకపోయి ఉంటే ఏ క్రియారూపం వాడాలి?

దీన్ని ఆంగ్లభాషా సమాజాల నుంచి దిగుమతి అయిన చర్చగా కొట్టిపారేసేవారున్నారు. అది తొందరపాటు. ఆంగ్లంలో చిక్కు ప్రధానంగా సర్వనామానికే పరిమితం. తెలుగులో అది క్రియాపదం దాకా వ్యాపించి ఉంది. కాబట్టి అక్కడి పరిష్కారం ఇక్కడ యథాతథంగా పనికిరాదు. మన భాషలో చిక్కు ఎక్కడ పుడుతున్నదో ముందుగా గుర్తించాలి.

మహత్తు, మహతి, అమహత్తు

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగు నామవాచకాలను విభజించిన తీరు ఈ చర్చకు మూలాధారం. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటిని బోధించే పదాలు మహత్తులు. తక్కినవి అమహత్తులు. స్త్రీలను బోధించే పదాలకు మహతీవాచకాలని ప్రత్యేకమైన పేరు ఉన్నా, ఏకవచనంలో అవి అమహత్తులతో కలిసి నడుస్తాయి. బహువచనంలో మహత్తుల సరసన చేరతాయి. అందువల్లనే పురుషుడు ‘వచ్చాడు’ అంటాం. స్త్రీ, ఆవు, బండి మూడింటికీ ‘వచ్చింది’ అంటాం. బహువచనంలో స్త్రీలూ పురుషులూ కలిసి ‘వచ్చారు’, ఆవులూ బండ్లూ ‘వచ్చాయి’.

అంటే తెలుగు ఏకవచనంలో నిజంగా ఉన్నది స్త్రీపురుష భేదం కాదు. పురుషుడు, పురుషుడు కానిది అన్న భేదం. పురుష క్రియను నిరాకరించిన వ్యక్తికి ఏకవచనంలో మిగిలేది స్త్రీకీ వస్తువుకూ ఉమ్మడిగా ఉన్న రూపమే. హిజ్రాలను కించపరచదలచినవారు ‘అది’ అన్న సర్వనామాన్ని ఎంచుకోవడం వెనుక ఈ వ్యాకరణ నిర్మాణం ఉంది. ‘ఆమె వచ్చింది’ అన్నప్పుడు గౌరవాన్ని నిలబెడుతున్నది సర్వనామం ఒక్కటే. దాన్ని తీసివేసి ‘వచ్చింది’ అని మాత్రమే రాస్తే, వచ్చినది మనిషో వస్తువో ఆ వాక్యం చెప్పలేదు. లింగనిర్ధారణ చేయలేని స్థితిలో ఏకవచన అమహద్రూపాన్ని తటస్థరూపంగా వాడవచ్చునని భావించే రచయితలు ఈ ప్రమాదాన్ని గమనించాలి. వ్యాకరణం దృష్టిలో తటస్థమైనది సమాజంలో తటస్థం కాకపోవచ్చు.

ఇక్కడ గ్రాంథికానికీ వ్యావహారికానికీ ఉన్న తేడా ఒకటి ఆసక్తికరమైనది. ‘అతడు వచ్చెను’, ‘ఆమె వచ్చెను’, ‘అది వచ్చెను’ అన్నచోట క్రియ లింగాన్ని చెప్పదు. ‘వచ్చును’ కూడా అంతే. ‘వచ్చినాడు’, ‘వచ్చినది’ వంటి రూపాలు గ్రాంథికంలోనూ ఉన్నాయి కాని, వాటిని తప్పించుకునే దారి కూడా పక్కనే ఉండేది. ఆధునిక వచనంలో ఆ దారి దాదాపు మూసుకుపోయింది. వ్యావహారిక భాషోద్యమానికి సారథ్యం వహించిన గిడుగు రామమూర్తి (1863–1940) శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టినవాడు. నోటిమాట రాతలోకి రావడం చదువును సామాన్యులకు దగ్గర చేసింది. ఆ లాభం ముందు ఈ నష్టం చిన్నదే కావచ్చు. అయినా ప్రతి వాక్యం చివర లింగాన్ని ప్రకటించవలసిన అవసరం ఈ మార్పుతో పెరిగిందన్నది వాస్తవం. మరొక విశేషం కూడా ఉంది. ఇదే గిడుగు ఏళ్లతరబడి శ్రమించి నిఘంటువూ వ్యాకరణమూ సమకూర్చిన సవర భాషలో ప్రథమపురుష సర్వనామం స్త్రీపురుష భేదాన్ని చూపదు. తెలుగు పల్లెలను ఆనుకొని ఉన్న కొండల మీద ఈ చిక్కు లేని భాష ఎప్పటి నుంచో బతికే ఉంది.

‘నేను’ను మార్చే చేయి

తెలుగులో ఉత్తమపురుష, మధ్యమపురుష క్రియలకు లింగభేదం లేదు. హిందీలో ‘నేను వచ్చాను’ అని చెప్పాలన్నా పురుషుడు ఒక రూపాన్ని, స్త్రీ మరొక రూపాన్ని వాడాలి. తెలుగులో ‘వచ్చాను’ అన్నమాట ఎవరి నోటనైనా ఒక్కటే. ఉత్తరాంధ్ర పలుకుబడిలోని ‘నాను’కూ ఇదే వర్తిస్తుంది. రంగస్థలం మీద ప్రవేశ దరువులో తనను తాను పరిచయం చేసుకునే సత్యభామకూ, ప్రదర్శన ముగిసి రంగు కడుక్కొని అరుగు మీద కూర్చున్న కళాకారులకూ ఆ ‘నేను’ ఉమ్మడి సొత్తు.

దీని పర్యవసానాన్ని క్షేత్రపరిశోధన చేసేవారు తగినంతగా పట్టించుకోలేదు. మౌఖిక సాక్ష్యంలో కళాకారులు తమ జీవితాన్ని ‘నేను’ అని చెబుతారు. ఆ మాటల్లో క్రియ ఏ లింగాన్నీ ప్రకటించదు. పరిశోధకులు దాన్ని ప్రథమపురుషలోకి మార్చి రాసేటప్పుడు ‘పదేళ్ల వయసులో వేషం కట్టాడు’ అనో ‘కట్టింది’ అనో అవుతుంది. సాక్ష్యంలో లేని సమాచారం అనులేఖనంలో చేరుతుంది. అలా చేర్చినవారికి తాము ఒక నిర్ణయం తీసుకున్నామన్న స్పృహ కూడా ఉండకపోవచ్చు. శాసనపాఠంలో లేని అక్షరాన్ని పూరిస్తే కుండలీకరణంలో పెట్టడం చరిత్రకారులు పాటించే నియమం. ఒక మనిషి లింగాన్ని పూరించేటప్పుడు ఆపాటి జాగ్రత్త కూడా కనిపించదు.

రేవతి తమిళంలో చెప్పుకున్న తన జీవితకథ పి. సత్యవతి అనువాదంగా ‘ఒక హిజ్రా ఆత్మకథ’ పేరుతో తెలుగులోకి వచ్చింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం లభించింది. ఆత్మకథ కావడం వల్ల అక్కడ కథకురాలి క్రియలకు ఈ బాధ లేదు. ఆ పుస్తకం మీద వ్యాసం రాసేవారికి మాత్రం ఉంటుంది. రేవతి విషయంలో ‘ఆమె’ అనడానికి రచయిత్రి స్వీయప్రకటనే ఆధారం. అటువంటి ప్రకటన లేని కళాకారుల విషయమే కష్టం.

పాత్ర, వేషం, జీవితం

స్త్రీ పాత్రలు ధరించిన పురుషులందరినీ నేటి పరిభాషలోకి లాగి ట్రాన్స్‌జెండర్ అనో, నాన్ బైనరీ అనో పిలవడం పూర్తిగా తప్పు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, రోషనారగా, చింతామణిగా ఆంధ్రదేశాన్ని మురిపించాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. స్త్రీ పాత్రధారణను సాధనతో గెలుచుకున్న నటవిద్యగానే భావించాడు. కూచిపూడి సత్యభామగా పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) విషయమూ అంతే. వీరి గురించి రాసేటప్పుడు ‘ఆయన’ అనడంలో సందేహానికి తావు లేదు. కూచిపూడి స్త్రీవేషం మీద 2019లో గ్రంథం వెలువరించిన హర్షిత కామత్ ఆ వేషధారణను బ్రాహ్మణ పురుషత్వం నిర్మాణమయ్యే తీరుతో ముడిపెట్టి పరిశీలించింది. వేషం అన్నివేళలా పురుషత్వాన్ని వదులుకోవడం కాదు. దాన్ని బలపరచే సాధనంగా కూడా పనిచేయగలదు.

ఇందుకు ఎదురుగా ఉన్న పొరపాటు మరింత సూక్ష్మమైనది. ‘వేషం’ అన్న మాటలోనే లోపల వేరొక నిజం ఉన్నదన్న సూచన ఉంది. నిత్యజీవితంలో స్త్రీగా బతుకుతూ సత్యభామగా ఆడే కళాకారిణిని ‘ఆడవేషధారి’ అని రాస్తే ఆమె జీవితాన్నే వేషం చేసినట్లు. స్త్రీగానూ పురుషుడుగానూ తనను చెప్పుకోని వ్యక్తి విషయంలో ‘ఆడవేషం కట్టిన మగవాడు’ అన్నమాట రెండుసార్లు తప్పుతుంది. ‘పాత్రధారి’ అన్న మాటకు ఈ దోషం లేదు. అది పాత్రను మాత్రమే చెబుతుంది, ధరించినది ఎవరో చెప్పదు.

భామాకలాపంలోనే దీనికి ఒక చక్కని ఉదాహరణ దొరుకుతుంది. కూచిపూడి సంప్రదాయంలో సూత్రధారుడే సత్యభామ ముందు చెలికత్తె మాధవిగా, కృష్ణుని ముందు మాధవుడుగా మాట్లాడతాడు. ఆహార్యం మార్చడు. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి పేరు, పలుకు, నడక మారతాయి. ప్రేక్షకులు తికమకపడరు. దీన్ని వర్ణించవలసిన వ్యాసకర్త మాత్రం మాధవి ‘అంటుంది’, మాధవుడు ‘అంటాడు’, సూత్రధారుడు ‘అంటాడు’ అని ఒకే మనిషికి మూడు వాక్యాలు రాయవలసి వస్తుంది. అలా రాయడమే సరైనది. పాత్రకు పాత్ర లింగం, వ్యక్తికి వ్యక్తి చెప్పుకున్న లింగం. ‘సత్యభామ జడ చూపిస్తూ అలుగుతుంది’ అన్న వాక్యాన్ని వేషం కట్టినది ఎవరైనా మార్చనక్కరలేదు.

విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లు ఇంటికి పెళ్లికూతురై వెళతాడు. సంగతి తెలిసిన పాత్రలకు అతడు కుర్రవాడు. తెలియనివారికి ఆమె కొత్తపెళ్లికూతురు. అది కేవలం మారువేషం, ఇప్పటి చర్చలోని జీవితస్థితి కాదు. అయినా సర్వనామం ఎదుటి వ్యక్తి స్వరూపం కంటే మాట్లాడేవారి జ్ఞానాన్ని ఎక్కువగా బయటపెడుతుందని ఆ నాటకం తెలుగు పాఠకులకు ఎన్నడో చూపింది.

పాత మాటలు, కొత్త మాటలు

నైజాం ఏలుబడిలోని తెలంగాణలో 1329 ఫస్లీ నాటి నపుంసకుల చట్టం వారి పేర్లను నమోదు చేయించి, స్త్రీవస్త్రధారణతో బహిరంగంగా కనిపించడాన్నీ, పాడటాన్నీ, ఆడటాన్నీ నేరం చేసింది. ప్రదర్శనే అక్కడ నేరానికి సాక్ష్యం. ఆ చట్టం రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసింది. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న శ్రీకాకుళం, విజయనగరాలకు ఆ నైజాం చట్టం వర్తించలేదు. కాని ‘నపుంసకుడు’, ‘కొజ్జా’ వంటి మాటలు రెండుచోట్లా ఒకే తీరుగా చెలామణి అయ్యాయి. పాత పత్రాల్లో ఇటువంటి పదాలు కనిపించినప్పుడు ఉద్ధరణ చిహ్నాల్లో, కాలంతో సహా చూపాలి. వాటిని చెరిపివేస్తే హింసకు ఉన్న ఆధారం పోతుంది. సొంత వాక్యంలోకి తెచ్చుకుంటే ఆ హింసే కొనసాగుతుంది.

‘హిజ్రా’ అన్నది గురుశిష్య సంబంధాలున్న ఒక సముదాయం పేరు. అందరికీ వర్తించే సాధారణ నామం కాదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో ఇచ్చిన తీర్పు లింగగుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని చెప్పింది. 2019 చట్టంలోని నిర్వచనం కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అన్న సామాజిక సాంస్కృతిక గుర్తింపులను పేరుపేరునా పేర్కొంది. తమిళంలో ‘తిరునంగై’ వంటి గౌరవవాచకం ప్రభుత్వ వాడుకలో స్థిరపడింది. తెలుగులో అంతగా నిలదొక్కుకున్న మాట లేదు. ‘స్త్రీపురుషేతర’ వంటి సమాసాలు అర్థమవుతాయి కాని, ‘ఇతర’ శబ్దం మనుషులను పక్కకు నెట్టేదిగా ధ్వనిస్తుంది. అంతకంటే ‘నాన్ బైనరీ’ అని తెలుగు లిపిలో రాయడం మేలు. అదీ ఆ వ్యక్తి తన గురించి ఆ మాట వాడుకున్నప్పుడే.

వడికేవారు, నేసేవారు

పొందూరు సన్నఖాదీ గురించి రాసేవారు తెలియకుండానే ఒక మంచి పద్ధతిని అనుసరిస్తున్నారు. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి నూలు తీసే ఆ పనిలో వడికేది ఎక్కువగా స్త్రీలు. అయినా వ్యాసాల్లో ‘వడికేవారు’, ‘నేసేవారు’ అని రాస్తారు. పని ముందు, మనిషి తరువాత. లింగం ప్రస్తావన అవసరమైనచోటనే వస్తుంది. ప్రదర్శనకళల విషయంలో మాత్రం ‘ఆటగాడు’, ‘ఆటకత్తె’ అన్న జంటపదాలు కలానికి ముందుగా తగులుతాయి. పైగా ఆ రెంటికీ గౌరవం సమానం కాదు. ‘ఆటకత్తె’ను అంటుకొని ఉన్న నింద ‘ఆటగాడు’కు లేదు. ‘వేషం కట్టినవారు’, ‘పాత్ర ధరించినవారు’, ‘మద్దెల వాయించేవారు’ అన్న రూపాలు తెలుగుకు సహజమైనవే. కర్తను లోపింపజేసి ‘ఇరవై ఏళ్లపాటు సత్యభామగా ఆడారు’ అని రాయడం కూడా తెలుగు వాక్యానికి కొత్త కాదు. ‘తాను’, ‘తన’ అన్న సర్వనామాలకు లింగభేదం ఎన్నడూ లేదు.

‘వారు’ అన్నచోట ఒకరా, పలువురా అన్న సందేహం వస్తే పేరును మళ్లీ చెప్పవచ్చు. దానివల్ల వచనం కొంత బరువెక్కుతుంది నిజమే. అయితే ‘వారు’ మీద మరొక అభ్యంతరం వినిపిస్తుంది: అందరికీ గౌరవ బహువచనం వాడితే శాస్త్రీయ రచన పొగడ్తగా మారుతుందని. ఈ అభ్యంతరం చెప్పేవారు పాత రచనల్లో గౌరవవాచకాలు పంపిణీ అయిన తీరును ఒకసారి చూడాలి. అగ్రహారపు కళాకారులకు ‘గారు’ చేర్చి, శ్రామిక కులాల నుంచి వచ్చిన భాగోతులను ‘వాడు’ అనడం తటస్థతగా చెల్లుబాటైంది. లింగం తెలియని కళాకారులకు ‘వారు’ వాడి, పక్కనే మద్దెలగాణ్ని ‘వాడు’ అంటే ఒక అసమానత పోయి మరొకటి మిగులుతుంది. వాడితే బృందం మొత్తానికి ఒకే స్థాయి వాడాలి.

తన గురించి ఏమీ చెప్పకుండానే మరణించిన కళాకారుల విషయంలో ఇరుగుపొరుగుల జ్ఞాపకాలే ఆధారం. వాటిలో ‘అదెల్లిపోనాది’ అన్నవారు ఉంటారు, ‘ఆయన ఎల్లిపోనాడు’ అన్నవారూ ఉంటారు. వీటిని ఒకే రూపంలోకి సవరించకుండా ఎవరు, ఏ బంధుత్వంతో, ఏ సర్వనామం వాడారో నమోదు చేస్తే ఆ భేదమే చరిత్ర సామగ్రి అవుతుంది. ఛాయాచిత్రం కింద పేరు రాసేటప్పుడు ‘శ్రీ’, ‘శ్రీమతి’ అన్నవి చేర్చకుండా పేరు, ఊరు, పాత్ర రాస్తే చాలు.